చావింట్లో అనకూడని మాట

వరదకు ప్రాణహితలో మహారాష్ట్ర ఒడ్డు నుంచి పడవ కదలలేదు. అవతలి ఒడ్డు దవాఖానాకు చేరకుండానే తిరుపతి జ్వరంతో రేవులో ప్రాణం విడిచాడు. పరామర్శకు వచ్చిన ఆమ్దార్‌కు, అంటే ఎమ్మెల్యేకు, తల్లి రాజక్క చాప పరిచింది. ఓట్లడిగిన నాడూ ఆయన ఆ చాప మీదే కూర్చున్నాడు.

"జర ముందు ఖబర్ చేస్తే బాగుండు, అక్కా."

"ఎవలతోని చెయ్యాలె, ఆమ్దార్ సాబ్? మీకు మా ఊరి ఖబర్లు తెచ్చెటోడు వాడే గదా. మీ జెండా మోసిండు, వంతెన వస్తదని ఇల్లిల్లు తిరిగి చెప్పిండు."

"వస్తదక్కా. ముంబైల మాట్లాడుతున్న."

"రేవుల పండుకోని గూడ వాడు గదే అన్నడు."

ఆయన లేచి, అలవాటుగా చేతులు జోడించాడు.

"ఇగ పోయొస్త."

"చావింట్ల ఆ మాట అనద్దు, సాబ్. మల్ల గిసొంటిదానికే రావాల్సొస్తది."

"తప్పయింది. ఏమనాలె మరి?"

"ఏమనద్దు. సప్పుడు చెయ్యకుంట పోవాలె."

ఆయన గడప దాటుతుంటే రాజక్క మెల్లగా అంది:

"వంతెన మాట గూడ ఇగ ఈడ అనకుండ్రి. నమ్మెటోడు పోయిండు."