మైకులో పేరు

వరంగల్‌లో ఆ ఇంటి వాకిట్లో తల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన కూతురు పరీక్షకు ఇంగ్లిష్ చదువుతోంది. లోపలి గదిలో నానమ్మ పడుకుని ఉంది.

"ఆన్సర్ అన్న ఒక్క మాటకే ఎన్ని అర్థాలున్నయో చూడమ్మా. ప్రశ్నకు జవాబు చెప్పుడు, ఫోన్ ఎత్తుడు, ఎవరన్న తలుపు కొడితే తీసుడు."

"పేరు వెట్టి పిలిస్తే పలుకుడు?"

"అదీ ఆన్సరే."

తల్లి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట నోటిదాకా వచ్చింది.

"నువ్వు పుట్టకముందు మేడారం జాతరల మీ నానమ్మ తప్పిపోయింది. మైకుల నన్ను పిలిపిచ్చింది. వరంగల్ రాజక్క ఎక్కడున్నా రావాలె, మీ అత్త ఈడ ఏడుస్తాంది అని."

"ఉరికినవా?"

"లేదు. వాగుల కాళ్లు వెట్టుకోని కూసున్న. పెండ్లయినంక అట్ల ఒక్కదాన్నే కూసునుడు అదే మొదలు. ఐదుసార్లు పిలిచిండ్రు. అన్నీ ఇన్న. పొద్దు వంగినంక పోయిన."

"నానమ్మ ఏమన్నది?"

"ఇనవడలేదా బిడ్డా అన్నది. మైకు ఖరాబున్నది అత్తమ్మా అన్న. పాపం, ఊరందరికీ గదే చెప్పింది."

"అందుకేనా, నానమ్మ ఒక్కసారి పిలిస్తేనే ఎంత పనున్నా ఉరుకుతవు?"

తల్లి ఇంకో కాయ అందుకుంది. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"రాజక్కా!"

"ఆఁ అత్తమ్మా, వస్తాన్న!" లేచేసరికి ఒళ్లోని కాయలన్నీ నేలపాలయ్యాయి.

"ఏం లేదు బిడ్డా. పలుకుతవో లేదోనని చూసిన."