టోపీ సారు సంచిలో పంతొమ్మిదో కర్ర

ఈ సంగతి నేనే చెప్పాలి. ఇంకెవరైనా చెబితే పెంచి చెబుతారు.

మా క్లబ్బులో గోల్ఫ్ ఆడే టోపీ సారు పోయిన మూడో రోజు పొద్దున. గోల్ఫ్ మైదానం వెనక గేటు దగ్గర మా వదిన టీ కొట్టులో చేరాం. అన్నయ్య పోయి తొమ్మిదేళ్లయింది, అప్పట్నుంచీ కొట్టు ఆవిడే నడుపుతోంది. అన్నయ్యా నేనూ ఇద్దరం ఇక్కడ క్యాడీలమే, అంటే ఆడేవాళ్ల వెనకాల కర్రల సంచి భుజాన వేసుకుని నడిచేవాళ్లం. కాకపోతే వాడు రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాడు. వాడు మిగిల్చినవన్నీ నా వాటాకి వచ్చాయి.

బెంచీ మీద గడ్డిమిషను ఉన్నాడు. మైదానంలో గడ్డి కోసే బండి నడుపుతాడు కాబట్టి అందరం వాణ్ని గడ్డిమిషను అనే పిలుస్తాం. వాడి పక్కన క్యాడీల మేస్త్రి. ఎవరి సంచి ఎవరు మోయాలో పొద్దున్నే పంచేది ఆయనే. కొత్తమనిషి, వచ్చి రెండేళ్లు కాలేదు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. నా కన్నంతా దాని మీదే.

విషయం ఏమిటంటే, మర్నాడు పొద్దున సారు జ్ఞాపకంగా ఆయన సంచిని మొదటి హోల్ నుంచి, అంటే బంతి పడాల్సిన మొదటి గుంత నుంచి, ఆఖరిదైన పద్ధెనిమిదో హోల్ దాకా ఒకరు మోసుకెళ్లాలి, వెనక క్లబ్బు జనమంతా నడవాలి. ఇరవై రెండేళ్ల కిందట ఆయన పెద్ద కప్పు గెలిచాడు చూడండి, ఆ రోజు మోసినవాళ్లే రేపూ మోయాలని సారు భార్య అడిగిందట. ఆ రోజు మోసిందెవరో రాసిన పుస్తకం మాత్రం ఆఫీసు పైకప్పు కారి, తడిసి ముద్దయిపోయింది.

“ఆ ముద్దని అడగడమెందుకు, నన్నడుగు. మోసింది నేను,” అన్నాను.

“నువ్వా బాబాయ్?” గడ్డిమిషను టీ గ్లాసు కిందపెట్టాడు.

నేను కాక మీ తాత మోశాడా! మేస్త్రీ, రాసుకో. పేపర్లో చూశారా, సారుని శాంతమూర్తి అని వేశారు. శాంతమూర్తట! బంతి నీళ్లలో పడిందంటే దాని ఏడు తరాల వాళ్లనీ పేరుపేరునా పలకరించేవాడు ఆయన. ఆ టోపీ ఉందే, దాన్ని ఉతగ్గా నేను చూడలేదు, దాని ముందు ఈగ కూడా ముక్కు మూసుకునేది. అలాంటి మనిషిని పట్టుకుని ‘సువాసనలు వెదజల్లిన జీవితం’ అని రాశాడొకడు. పక్కన నడిచినవాణ్ని, నాకు తెలియదూ!

“కప్పు రోజు సంగతి చెప్పు,” అన్నాడు మేస్త్రి. పెన్ను తీశాడు గానీ మూత తీయలేదు.

చెబుతున్నాగా. ముందు పని తెలియాలి. క్యాడీ అన్నవాడు పొద్దున్నే చెయ్యాల్సిన మొదటి పని కర్రలు లెక్కపెట్టడం. పద్నాలుగు. పదిహేనోది ఉందా, అయిపోయాం. హోల్‌కి రెండు దెబ్బలు చొప్పున నాలుగు దాకా శిక్ష కలుపుతారు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే కదా ఈ ఆట! ఆ రోజు సారు గెలిచింది ఎంత తేడాతో? ఒక్కటంటే ఒక్క దెబ్బ. అదీ క్యాడీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పని. ఆ పొద్దున పద్నాలుగూ తడిబట్టతో తుడిచి, లెక్కపెట్టి, సంచిలో పెట్టాను.

వదిన పొయ్యి దగ్గర అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పుల్లలు పేర్చడం మొదలెట్టింది. తడిసినవేమో, ఆరబెడుతోందనుకున్నాను.

మొదటి హోల్ దగ్గర సారు గాలి చూసి గడ్డం గోక్కుంటున్నాడు. “సార్, గాలి ఎడమ నుంచి, కాస్త ఎడమవైపు జరిపి కొట్టండి,” అన్నాను. అంతే. అంతకన్నా నేనేం చెప్పుకోను, మనకి గొప్పలు పడవు. కొట్టాడు. బంతి వెళ్లింది. ఎంత దూరం వెళ్లిందంటే, మేం నడిచి చేరేసరికి దాని మీద మంచు కట్టి ఉంది.

“ఎండాకాలంలోనా?” అన్నాడు గడ్డిమిషను.

పైన ఎండాకాలం ఉండదురా, పైన ఎప్పుడూ చలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో హోల్ దగ్గర ఒక గద్ద బంతిని గుడ్డనుకుని ఎత్తుకుపోయి చెట్టు మీద గూట్లో పెట్టుకుని పొదుగుతోంది! బంతి ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచే కొట్టాలి కదా. నేను తాపీగా సంచి అడుగున చెయ్యి పెట్టి కొంగమెడ కర్ర తీశాను. సారు సొంతంగా చేయించుకున్నది, లాగితే పద్ధెనిమిది అడుగులు సాగుతుంది. ఆయన కింద నిలబడే గూట్లో బంతిని కొట్టాడు. గద్ద కళ్లు కూడా తెరవలేదు. ఇప్పటికీ ఆ గూట్లోనే కూర్చుని ఉంది పాపం, పిల్ల ఎప్పుడొస్తుందా అని.

వదిన ఇంకో పుల్ల పెట్టింది.

“ఆ చెట్టు కిందే నేను రోజూ గడ్డి కోస్తాను, నాకు ఏ గద్దా కనబడలేదే,” అన్నాడు గడ్డిమిషను.

నువ్వు గడ్డి చూస్తావు, గద్ద పైన ఉంటుంది. మధ్యలో అడ్డు రాకు. ఏడో హోల్ దగ్గర చెరువుంది కదా? బంతి నేరుగా అందులో పడింది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను జల్లెడ కర్ర అందించాను, నిండా చిల్లులే, నీళ్లు అందులోంచి జారిపోతాయి, బంతి మాత్రం తగులుతుంది. సారు మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక్కటిచ్చాడు. బంతితో పాటు రెండు చేపలు కూడా లేచాయి. ఒకటి ఒడ్డున పడింది. రెండోది, నేను అబద్ధం ఆడను, రెండోది హోల్ పక్కన పడి, గుంతలో గుచ్చిన జెండా కర్రని నోట కరచుకుని పక్కకి పట్టుకుంది!

మేస్త్రి పొలమారి, టీ అంతా కాగితం మీద చిందించుకున్నాడు. “చేప జెండా పట్టుకుందా?”

క్యాడీ చెరువొడ్డున ఉండిపోతే జెండా ఎవరో ఒకరు తీసి పట్టుకోవాలి కదయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పన్నెండో హోల్ దగ్గర వాన. వాన అంటే వాన కాదు, తాళ్లు దిగినట్టు. నేను గొడుగు కర్ర తీసిచ్చాను. కొట్టగానే దాని కొస విచ్చుకుని గొడుగై ఊడిపోయి బంతితో పాటు ఎగిరింది. చుట్టూ అందరి బంతులూ తడిసి నానాయి, మాది పొడిపొడిగా దిగింది. పదిహేనో హోల్ దగ్గర బంతి గోడకి అతుక్కుని ఆగింది, కుడిచేతివాడికి నిలబడే చోటే లేదు. ఎడమచేతి కర్ర ఇచ్చాను. సారు ఎడమచేత్తో అన్నం కూడా కలపలేడు. అయినా కొట్టాడు. ఎందుకు కొట్టగలిగాడు? వెనక నేనున్నానని.

వదిన పుల్లలు పెడుతూనే ఉంది. నాకెక్కడ తీరిక, అప్పటికి మేస్త్రి పెన్ను మూత తీశాడు.

ఇక పద్ధెనిమిదో హోల్. జనం, ఇసకేస్తే రాలనంత జనం. చివరి దెబ్బ. పడితే కప్పు మనది. ఆ పచ్చిక అద్దంలా నున్నగా ఉంది, మామూలు కర్ర పనికిరాదు. పిల్లితోక కర్ర తీశాను. దాని కొసన అంతా మెత్తటి బొచ్చే, బంతికి తగిలినట్టే తెలియదు. సారు అలా నిమిరాడు. బంతి దొర్లీ దొర్లీ గుంత అంచున ఆగిపోయింది. సగం లోపల, సగం బయట. గాలి లేదు, చప్పుడు లేదు. ఇంకో దెబ్బ కొడితే ఇద్దరి లెక్కా సమం, కప్పు చేతికొచ్చి జారినట్టే. సారు నా వంక చూశాడు. నేను గుంత పక్కన బోర్లా పడుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ బంతికి నా చిన్నప్పటి కథ మొదలెట్టాను. బంతి వింటోంది! సరిగ్గా వినబడక నా వైపు వంగింది. ఇంకాస్త మెల్లగా చెప్పాను. ఇంకాస్త వంగింది. అసలు సంగతి దగ్గర ఆపేశాను. “ఆ తర్వాత?” అన్నట్టు ఇంకొంచెం ముందుకొచ్చి, టప్, లోపల!

గడ్డిమిషను చప్పట్లు కొట్టాడు. మేస్త్రి నవ్వుతూనే కాగితం మీద నా పేరు రాయబోయాడు.

“ఒక్క నిమిషం మేస్త్రి గారూ,” అంది వదిన. బల్ల మీద పుల్లలన్నీ దోసిట్లో తీసి నా ముందు పోసింది. “మరిదీ, లెక్కపెట్టు.”

“ఏమిటివి?”

“నువ్వు సంచిలోంచి తీసిన కర్రలు. పొద్దున తుడిచినవి పద్నాలుగు. ఆపైన కొంగమెడ, జల్లెడ, గొడుగు, ఎడమచెయ్యి, పిల్లితోక. మీ అన్న రోజూ పొద్దున్నే ఇంట్లో పుల్లలు పెట్టి కర్రల లెక్క సరిచూసుకునేవాడు. నాకూ అలవాటైపోయింది.”

పంతొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను, తగ్గలేదు.

గడ్డిమిషను వేళ్లు మడిచాడు. “అంటే నాలుగు దెబ్బల శిక్ష. గెలిచింది ఒక్క దెబ్బతో. బాబాయ్, పోయిన మనిషి కప్పు లాగేసుకున్నావు కదా!”

“అదే నిజమైతే ఇది ఆఫీసులో చెప్పాల్సిన మాటే,” అన్నాడు మేస్త్రి, నవ్వు కాస్త తగ్గించి. “సంచి మోసింది నువ్వేనా కాదా? ఒక్క మాట చెప్పు.”

మీరే చెప్పండి, నేనేం చెయ్యను? మోశానంటే సారు ఓడిపోతాడు. మోయలేదంటే నేను పోతాను. ఇరవై రెండేళ్లుగా కట్టుకున్న కథ అది, నిన్న మొన్నటిది కాదు. టీ చల్లారిపోయింది. చల్లారిందే తాగాను.

“నేను కాదు. అన్నయ్య మోశాడు,” అన్నాను. “పద్నాలుగే కర్రలు. ఒక్కటీ ఎక్కువ లేదు. వాడు లెక్క తప్పే మనిషి కాదు. సారు గెలుపు గెలుపే.”

వదిన పొయ్యి మీద గిన్నె దింపింది.

“మరి నువ్వెక్కడున్నావు బాబాయ్?” గడ్డిమిషను వదలడే!

“అక్కడే ఉన్నాను. పద్ధెనిమిదో హోల్ దగ్గర, జనాన్ని ఆపే తాడు పక్కన. బోర్డు పట్టుకున్నాను.”

“ఏం బోర్డు?”

“నిశ్శబ్దం అని రాసిన బోర్డు.”

గడ్డిమిషను బెంచీ మీంచి కింద పడ్డాడు. అక్షరాలా పడ్డాడు, ఇందులో పెంచిందేమీ లేదు. మేస్త్రి మొహం కాగితంతో కప్పుకున్నాడు. సరే, పరువు ఎలాగూ పోయింది, మిగతాది కూడా చెప్పేశాను. బంతి అంచు దాకా వచ్చి నెమ్మదించిన మాట నిజం. వేలమంది ఊపిరి బిగబట్టిన మాట నిజం. బోర్డు నెత్తి మీద ఎత్తి పట్టుకుని నేనే “పడవే తల్లీ!” అని గావుకేక పెట్టాను. బంతి పడింది. జనమంతా అరుస్తున్నారు. సారు తిన్నగా నా దగ్గరికొచ్చి, బోర్డు వంక చూసి, నా వంక చూసి, “ఇంతమందిలో నువ్వొక్కడివే దీన్ని చదవలేదు,” అన్నాడు. ఆయన జన్మలో నాతో మాట్లాడింది అదొక్కటే. వెనకాల సంచితో అన్నయ్య, వాడు అటు తిరిగి నిలబడ్డాడు.

“అదా!” అంది వదిన. “ఆ పూట అన్నం ముందు కూర్చుని మీ అన్న తనలో తను ఒకటే నవ్వు. కప్పు గెలిచామనా అంటే కాదని తలూపాడు. ఎందుకో చెప్పనే లేదు.” అని కొంగుతో కళ్లొత్తుకుంది. నవ్వుతోందో ఏమిటో, ఆవిడ సంగతి మనకి తెలియదు.

మేస్త్రి కాగితం మీద టీ మరక తుడిచాడు. “అమ్మా, సంచి మీరు మోస్తారా?”

“మోస్తాను. ముందు కర్రలు నేనే లెక్కపెడతాను,” అంది వదిన.

“బాబాయ్, పద్ధెనిమిదో హోల్ దగ్గర ఒక నిమిషం మౌనం పాటిస్తారు. ఆ పాత బోర్డు స్టోర్‌రూములో ఇంకా ఉంది. పట్టుకుంటావా?” అన్నాడు గడ్డిమిషను, లేచి కూర్చుని.

“ఎంతసేపు?”

“ఒక్క నిమిషం. అరవై సెకన్లు.”

“అరవయ్యే కదా! ఇదేం లెక్క, ఒకసారి నేను వరసగా పదకొండు రోజులు నోరు విప్పకుండా ఉన్నాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా...”

వదిన అగ్గిపెట్టె తెరిచి ఇరవయ్యో పుల్ల బయటికి తీసింది.