నీళ్లు తాగే పికప్పు, ముందు సీట్ల మా అత్త

"తాతా, నా కారుల వేడి ముల్లు ఊకె పైకి పోతుంది. రోజు నీళ్లు తక్కువైతున్నయ్. మిస్త్రీ ఇంజన్ ఇప్పాలంటుండు. నీ పికప్పుకు గూడ గిట్లనే అయ్యిండెనట గదా?"

అయ్యిండెనా అంటవేంది బిడ్డా! గా బండి నా పానం తోడింది. కూసో, చెప్త. ముందుగాల నువ్వు ఇంజన్ ముట్టనియ్యకు. నీళ్లు యాడికెళ్లి పోతున్నయో చూడకముందే ఇంజన్ ఇప్పేసుడంటే, కడుపు నొస్తుందంటే కాలు కోసినట్టే.

నా పికప్పు గప్పటికే ముసలిది. లక్సెట్టిపేటల బట్ట మూటలు, పత్తి బస్తాలు, ఏది దొరికితే అది ఏసుకొని తిరుగుతుంటి. ఆదివారమైతే మా చర్చి పాటలోళ్లు ఎనుక ఎక్కి, గుంత గుంతకు రాగం మారుస్తుండిరి. అప్పుడు చాయ్ మూడు రూపాయలు... కాదు కాదు, నాలుగు. సరే, గదంత ఎందుకు. పొద్దుగాల రేడియేటర్ నిండ నీళ్లు పోస్తే పొద్దుమీకి సగం మాయం. కింద సుక్క లేదు. బండి కింద అట్టముక్క పరిచి చూసిన, పొడిపొడి.

లింగన్న అని ఒక మిస్త్రీ ఉండె. చూసి "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజన్ ఇప్పాలె" అన్నడు. గది పోతే నీళ్లు ఇంజన్ లోపల్నే కాలిపోతయ్ బిడ్డా. నేనన్న, "గట్లయితే పొగ తెల్లగ రావాలె, ఆయిల్ పాలచాయ్ లెక్క కావాలె, రెండు లేవు గదనే?" అని. "నువ్వు డ్రైవరువా, మిస్త్రీవా?" అన్నడు. షాపుల అందరు నవ్విండ్రు. నేను గూడ రోషగాన్నే. లింగన్న నీళ్లన్ని తీసి, ఇంజన్ చల్లగుంచే పచ్చటి కూలెంట్ పోసి, "బుధవారం తీస్కరా, ఇప్పుదాం" అన్నడు.

మంగళవారమేమో మా అత్తను కరీంనగర్ కండ్ల దవఖానకు తీస్కపోవాలె. మా అత్తంటే మీ అమ్మమ్మను కన్న అవ్వ, శాంతమ్మ. పేరుకే శాంతమ్మ. రెండు కండ్లకు శుక్లాలు, వెలుతురు తప్ప ఏం కనపడకపోతుండె. డాక్టర్ ఒంటిగంట లోపల రమ్మన్నడు. తప్పితే మల్ల రెండు నెలలకు. మీ అమ్మమ్మకు జ్వరం, రాలే. ఇగ బండిల నేను, మా అత్త, ఇద్దరమే.

అసలు తిప్పలు గిప్పుడు చెప్త. మా అత్త నాతోని మాట్లాడది. కోపం గాదు, మర్యాద! అల్లునికి ఎదురు మాట్లాడొద్దని పట్టింపు. ఇరవై ఏండ్లల్ల నాతోని ఒక్క ముక్క... ఆఁ, ఒక్కపారి "పామూ" అని ఒర్లింది, గది లెక్కకు రాదు. ఏదున్న మీ అమ్మమ్మకు చెప్తే మీ అమ్మమ్మ నాకు చెప్పేది. గా దినం మీ అమ్మమ్మ లేకపాయె. ఇగ ప్రభువుకు చెప్పుడు షురూ చేసింది.

"ప్రభువా, గీ మనిషి గుంతలు చూస్తలేడు, నా నడుము చూడు తండ్రీ."

జర మెల్లగ పోనిచ్చిన.

"ప్రభువా, గిట్ల పోతే నీ రెండో రాకడకు చేరుతం దవఖానకు."

గోదారి వంతెన దాటంగనె ముల్లు లేచింది. ధర్మపురి కాడ ఆపిన. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు బిడ్డా, ఒక్కపారి తీసి మీసం కాల్చుకున్న, ఇగో గీడ ఇప్పటికీ మొలవది. చల్లారేదాక ఆగాలె గదా అని డబ్బా పట్టుకొని గోదారి గంగల దిగిన. నింపుకొని మెట్లెక్కుతుంటే ఒక ముసలామె దోసిలి పట్టి "తీర్థమా నాయినా, జర పొయ్యి" అన్నది. "అవ్వా, ఇవి రేడియేటర్‌కు" అన్న. "ఏ దేవునికైతేంది, పొయ్యి" అన్నది. పోసిన, ఏం జెయ్యాలె!

వచ్చి చూస్తే మా అత్త తలకాయ పక్కకు వంచి ఏందో ఇంటుంది.

"ప్రభువా, బెల్లం పాకం వాసనొస్తుంది. గిక్కడెవలన్న పాకం పడుతుండ్రా? బండి ఆగినంక నా కాళ్ల కాడ సుయ్యిమన్నది, ఇప్పుడు బందయింది. గీయన మిస్త్రీ మాట ఇంటడు గని బండి మాట ఇనడు."

గప్పుడు నాకు వెలిగింది. తియ్యటి వాసన కూలెంట్‌దే! చల్లారినంక నీళ్లు పోసి, ఇంజన్ నడిపిచ్చి వేడెక్కనిచ్చి, ఆమె కూసున్న దిక్కు ఒంగి చూసిన. ఇంజన్ ఎనుక ఏలంత లావు రబ్బరు పైపు. చల్లగున్నప్పుడు బుద్ధిమంతురాలే. వేడెక్కి లోపల జోరు పెరగంగనె క్లిప్పు పక్కన పగులు నోరు తెరుస్తుంది. సన్న తుంపర పోయి కాలుతున్న సైలెన్సర్ పైపు మీద పడి, పడ్డకాన్నే ఆవిరి. ఇగ కింద సుక్క యాడ పడ్తది? నీ కారుకు గూడ ముందు గీ సన్న పైపులు చూపియ్యి.

బందు చేసి, మల్ల చల్లారినంక, పగిలిన కొస కోసేసి, పైపు ముందుకు గుంజి క్లిప్పు బిగించిన. ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువుండంగ దవఖానల పడ్డం. ముల్లు కదలలే.

ఒక కంటికి ఆపరేషన్ మంచిగైంది. తెల్లారి పట్టీ తీసి, నల్లద్దాలు పెట్టి పంపిండ్రు. వచ్చేటప్పుడు నాకు రోషం ఆగక సీదా లింగన్న షాపు ముంగట ఆపిన. పైపు చూపిచ్చిన. ఆయన నోరెళ్లబెట్టి "ఎవలు పట్టిండ్రు గిది?" అన్నడు.

"నేనే," అన్న. "డ్రైవరునా, మిస్త్రీనా, ఇప్పుడు చెప్పు!"

అందరు భుజాలు చరిసిండ్రు. ఎనుకకు మల్లి చూస్తే ముందు సీట్ల మా అత్త. అద్దాలు నెత్తి మీదికి లేపి, కొత్తగ వెలుగొచ్చిన కంటితోని సీదా నా దిక్కే చూస్తుంది. ఇగ ఇప్పుడు ప్రభువుకు చెప్తది, నా ఇజ్జత్ పోతది అనుకున్న. చెప్పలే. తిడితే బాగుండు అనిపిచ్చింది బిడ్డా.

ఇంటికాడ మీ అమ్మమ్మ అడిగింది, "లీకు ఎవలు పట్టిండ్రవ్వా?" అని.

"నీ మొగడే పట్టిండు," అన్నది మా అత్త. "మస్తు తెలివిగల్లోడు. గాయనకు జర అన్నం పెట్టు, ఆకలైనట్టుంది."

గా బువ్వ సగంల ఇడిచి లేచిన. మల్ల తొమ్మిదేండ్లు బతికింది, ఎవలకూ చెప్పలే. నేను చెప్తా చెప్తా అనుకుంటనే... ఏందో. మీ అమ్మమ్మ ఇప్పటికీ చుట్టాలకు నా తెలివి గురించి చెప్తుంటది, నువ్విన్లేదా? గప్పుడల్ల నేను పాల పాకెట్ తెస్తనని బయటికి పోత.

ఇదంత నీ ఫోన్ల రికార్డయిందా? తుడిపెయ్... వద్దు, ఉండనియ్. రేపు పొద్దుగాల మీ అమ్మమ్మకు ఇనిపియ్యి. నేను జర దూరం పోయినంక ఇనిపియ్యి. నవ్వకే... చల్లగుండు బిడ్డా, నూరేండ్లు చల్లగుండు. పో, అన్నం తిను పో...