ఆదివారం పప్పు

జహీరాబాద్‌లో చర్చి నుంచి వచ్చిన అత్తాకోడళ్లు జొన్నరొట్టె, పప్పు ముందేసుకుని కూర్చున్నారు. పెద్దామె కొడుకును, అంటే చిన్నామె మొగుణ్ని, సమాధి చేసి ఇది మూడో ఆదివారం. కోడలికి ఆకలి అయ్యేదీ తీరేదీ తెలియకుండా పోయింది.

“అయ్యగారు చెప్పిన వాక్యం ఇన్నవా బిడ్డా?”

“మనిషి బతుకు ఆవిరి అన్నరు. గంతే ఇన్న.”

“దాని ఎన్కనే ఇంకోటి చెప్పిన్రు. ఉన్నన్ని దినాలు సంతోషంగ తినాలె, ఆ తిండి గూడ దేవుడిచ్చిందే అని.”

“సంతోషంగ ఎట్ల తింటరత్తమ్మా?”

“నాకేం ఎరుక? నేను గూడ నములుతున్న, మింగుతున్న.”

కోడలు ఇంకో ముక్క పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

“అత్తమ్మా, పప్పుల ఉప్పు లేదు.”

పెద్దామె పప్పును వేలితో తీసి నాకి చూసింది.

“అవు, లేదు.”

“నిన్న ఏసినవా?”

“యాదికి లేదు. మొన్న గూడ ఏసినట్టు లేదు బిడ్డా.”

“రోజూ తిన్నం గద!”

“తిన్నం. ఇద్దరికీ తెల్వలే. వాడుంటే మొదటి బుక్కకే లొల్లి చేస్తుండె.”

కోడలు లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.

“నీ పళ్లెం ఇటు పెట్టత్తమ్మా. ఇగ ఆ లొల్లి నేను చేస్త.”