చదవొద్దన్న పేరు

లక్కూరు. ఇంటింటికీ తిరిగి వంశాలు చదివే హెళవ ఓబలప్ప, రైతు ఆవులప్ప ఇంటి అరుగు మీద పుస్తకం విప్పాడు. ఆవులప్ప కొడుక్కి పిల్లనిచ్చేవాళ్ళు ఆవని నుంచి మధ్యాహ్నం వస్తారు. వంశం వాళ్ళ ముందు చదవాలి.

"మునియప్పకి ఇద్దరు. పెద్దోడు ఆవులప్ప. చిన్నది చెన్నమ్మ. చెన్నమ్మని..."

"ఆడ నిలుపు."

"ఇంగా సగం గూడా కాలేదే గౌడా."

"నా పేరు చదివి, నా కొడుకు కాడికి పో. చెన్నమ్మ వద్దు."

"తోడబుట్టినదాన్ని దాటేసి పోతే అది వంశమెట్లయితాది?"

"వచ్చేవాళ్ళు ఆచారం చూసేవాళ్ళప్పా. నా చెల్లెలు బంగారు గనుల్లో పనిచేసే వేరే కులమోణ్ణి కట్టుకొనిందని తెలిస్తే కాఫీ గూడా తాగకుండా లేస్తారు."

"ఇరవై ఏండ్లాయ గదా."

"ఇరవై ఏండ్లుగా నా ముందర ఆ పేరు ఎత్తినోడు లేడు. నువ్వొక్కడివే."

"పోయిన వారం మారికుప్పంలో ఆయమ్మ ఇంట్లోనే ముద్ద తిన్నాను."

"ఎట్లుండాది?"

"అడుగుతుండావే."

"అడగలేదులే. కొట్టంలో ఉండే ఆ పెయ్యదూడని కానుకగా తోలుకొని పో. పేరు మటుకు కొట్టెయ్."

"కొట్టేస్తే పక్కన ఎందుకని రాయాల. అది మా పద్ధతి."

"ఇంటి మానం తీసిందని రాయి."

"మీ నాయన గూడా ఈ మాటే రాయమన్నాడు."

"చూసినావా. నాయనే చెప్పినాడు. ఇంగేమి నీకు?"

"ఆయన చెప్పింది చెన్నమ్మని గాదు గౌడా."

"మరి ఎవుర్ని?"

"నిన్ను."

"నన్నా? నేనేమి..."

"గనులు సర్కారువైన మూడో ఏడు. నువ్వు గనిలో పని దిగి వస్తావుంటే గేటు కాడ నీ క్యారియర్లో బంగారు రాయి దొరికె. ఆర్నెల్లు జైల్లో ఉంటివి."

"మెల్లిగా, మెల్లిగా. లోపల నా పెండ్లాం నారాయణమ్మ ఉండాది. దానికి తెలీదు."

"ఊరికీ తెలీదు. బెంగుళూర్లో పని అని చెప్పినారు మీ నాయన."

"అయితే... పుస్తకంలో నా పేరు ఉండాదే. ఇప్పుడే చదివినావు."

"ఉండాది."

"నాయన మనసు మారిందా?"

"మారలేదు. ఈ అరుగు మీదే, కలం సిరాలో ముంచినాను."

"మరి ఎందుకు కొట్టెయ్యలేదు?"

"పదహారేండ్ల పిల్ల. లోపల్నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకొనింది. ఎంత లాగినా వదల్లేదు. 'మా అన్న పేరు కొట్టేసేటట్లయితే ముందు నాది కొట్టెయ్ తాతా' అనింది."