రెండో బ్యాడ్జి

ఎక్స్‌రే గదిలోకి పేషెంట్లు ఇంకా రాలేదు. చిన్నామె సీసం ఏప్రాన్ తొడుక్కుంటుంటే, పదేళ్లుగా అదే గదిలో పనిచేస్తున్న పెద్దామె చూపు ఆమె నడుం దగ్గరే ఆగిపోయింది.

“రేడియేషన్ కొలిచే బ్యాడ్జి గుండెల మీద ఒకటుందిగా. పొట్ట దగ్గర ఆ రెండోది ఎందుకే?”

“మీకు తెలియనిదా అక్కా?”

“తెలుసు. నీ నోటితో విందామని.”

“మూడో నెల. లోపలి బిడ్డకెంత తగులుతోందో విడిగా చూడాలని ఇచ్చారు. ముందు మీకే చెబుదామనుకున్నా.”

“ఆఫీసుకి చెప్పాక, నాకు ముందా?”

“మీరు బాధపడతారేమోనని...”

“నాకెందుకే బాధ? సరేగానీ, నీ డోసు రిపోర్టులో ఎప్పుడూ ఎంత వస్తుంది?”

“మీకొచ్చినంతే. ఒకటే గది, ఒకటే మిషను కదా. ఉందా లేదా అన్నంత. ఇంత కొద్దిదానికి బిడ్డకేం కాదన్నారు డాక్టరుగారు.”

“కాదులే. నాకు తెలీదా?”

“మరి అలా చూస్తారేంటక్కా, నాకు భయమేస్తోంది.”

“కళ్లలో నిప్పులు పోసుకుంటున్నాననుకో, పోనీ. పిల్లలెందుకు లేరని మా అత్తగారు నిలదీసినప్పుడల్లా, అంతా ఈ రేడియేషన్ వల్లేనని ఈ గది మీదకి తోసేసేదాన్ని. ఆవిడ నమ్మింది. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను.”

“అక్కా...”

“కాన్పయ్యేదాకా మా ఇంటి వైపు రాకు. ఆవిడ నీ పొట్ట చూసిందంటే, నాకు చెప్పుకోవడానికి ఇక ఈ గది కూడా మిగలదు.”