పక్క సీటు ఆయన

ఊరు చూపించే బస్సు బయల్దేరి ఇంకా మొదటి మలుపైనా తిరగలేదు, మొగుడూ పెళ్ళాల మధ్య గుసగుసలు మొదలయ్యాయి.

"మళ్ళీ నొక్కుతున్నారా? ముందు ఆ చెయ్యి తియ్యండి."

"ఊరికే చూస్తున్నానే. సీటు పైన కొత్త రెక్సిన్ వేశాడు, లోపల పాత స్పాంజే. పైన పటారం, లోన లొటారం. నేనిలా కుట్టిస్తే కస్టమరు తెచ్చి నా మొహాన కొడతాడు."

"మెల్లగా! ఆ సోఫాల గోల ఇక్కడెందుకు? సెలవుకని వచ్చాం కదా."

"సెలవు చేతులకా, నోటికా?"

"రెండిటికీ. ఆ టోపీ కూడా తీసెయ్యండి. పసుపుపచ్చ టోపీ పెట్టుకుని, చిన్నపిల్లాడిలా."

"అందరికీ ఇచ్చారే. నీదేది?"

"నా బ్యాగులో ఉంది. అయినా నేను... ఉండండి, ఉండండి. ముందు నుంచి మూడో సీటు. తెల్లజుట్టు, నల్ల కళ్ళజోడు. అయ్యో దేవుడా!"

"ఏమైంది?"

"మా ప్రిన్సిపాల్ మేడమ్. ఇంత ప్రపంచంలో ఈ ఊరికే రావాలా, వచ్చినా ఈ బస్సే ఎక్కాలా!"

"ఆ... అవును. అదే, నేను నీకు చెబుదామనుకుంటూ..."

"మీరేం చెప్పొద్దు. నేను చెప్పేది వినండి. ఆవిడ దగ్గరికెళ్ళి పలకరించొద్దు. నేను ఎప్పుడో ఒకసారి స్టాఫ్ రూములో... మా ఆయనకి ఇంటీరియర్ డిజైన్ ఆఫీసుంది అనేశాను."

"ఇంటీరియరా?"

"నోరు జారింది. అందరూ వాళ్ళ వాళ్ళ ఆయనల గొప్పలు చెప్పుకుంటున్నారు. నేనొక్కదాన్నీ ఎంతసేపని గోడ చూస్తూ కూర్చోను?"

"పోనీలే. సోఫాలో పీచు కూరేవాడికన్నా లోపలి పని ఇంకెవడు చేస్తాడు!"

"నవ్వకండి! ఆ నవ్వే వద్దనేది. బస్సంతా వెనక్కి తిరిగి చూస్తోంది."

"సరే సరే, నవ్వను. మరి ఆవిడే వచ్చి పలకరిస్తే?"

"తల ఊపండి. అంతే. ఇందాక ఏదో చెబుదామన్నారు, ఏంటి?"

"ఏం లేదులే. ఇదిగో, టోపీ తీసేశా."

ఒకప్పటి రాజభవనం ఇప్పుడు మ్యూజియం. సింహాసనం ముందు తాడు కట్టారు. తాడు కట్టారు గానీ, సోఫాలు కుట్టే చెయ్యి ఊరుకుంటుందా?

"సార్! ఓ సార్! తాడు దాటకూడదు! అది రాజుగారి సింహాసనం!"

"కూర్చోలేదండీ గైడుగారూ. ఒక్క వేలు పెట్టి చూశానంతే. మెత్తలో గుర్రపు వెంట్రుకలు కూరినట్టున్నారు, అవునా?"

"లోపలేముందో రాజుగారికే తెలీదు, మీకెందుకు సార్! వెనక్కి రండి. చూశారుగా అందరూ? వేలు పెట్టకూడని చోట వేలు పెడితే ఇలాగే కేకలేయించుకోవాలి!"

"నవ్వులే నవ్వులు పాపం. ఏమ్మా, లెక్చరర్‌గారూ! నేను పొద్దున్నుంచీ చూస్తున్నా, మీరే ఇటు తల తిప్పరు."

"మేడమ్! నమస్కారం మేడమ్. నేను... చూడలేదు మేడమ్. భలే కలిశాం."

"బాగానే కలిశాం. ఆయనెవరమ్మా, ఆ సింహాసనం ఆయన? బస్సులో మీ పక్కనే కూర్చున్నట్టున్నారు."

"ఆయనా? ఎవరో మేడమ్. నాకు తెలీదు."

"తెలీదా?"

"సీటు నంబర్లు అలా పడ్డాయి మేడమ్. పొద్దున్నుంచీ ఒకటే వాగుడు, తల తినేస్తున్నాడు."

"అలాగా. మరి మీరొక్కరే వచ్చారా?"

"మా ఆయనకి ఆఫీసు పని పడింది మేడమ్. తీరా బయల్దేరే ముందు."

"అలాగా అమ్మా."

"కాస్త దారిస్తారా అండీ? ఈ తాడు లోపల్నుంచి బయటపడాలి. క్షమించాలి."

"నాకెందుకు క్షమాపణ? నన్నేం చేశారు మీరు?"

"మిమ్మల్ని కాదండీ పెద్దమ్మగారూ. ఈ మేడమ్‌గారిని. పక్కన కూర్చుని బాగా విసిగించాను. వెనక ఖాళీ సీటుంది, అక్కడికి పోతాను. మీరు హాయిగా కూర్చోండి మేడమ్‌గారూ."

మధ్యాహ్నం భోజనాలకి హోటల్లో ఒక బల్ల దగ్గర ప్రిన్సిపాలూ లెక్చరరూ కూర్చున్నారు. ఆయన బయట మెట్ల మీద, డ్రైవరు పక్కన.

"ఆయన్నీ లోపలికి పిలుద్దామా? ఈ కుర్చీ ఖాళీయే కదా."

"ఎందుకులెండి మేడమ్. ఆయనకి అక్కడే బావున్నట్టుంది."

"ఇంటి దగ్గర్నుంచి డబ్బా తెచ్చుకున్నట్టున్నారు. చూడమ్మా, మూత తీసి అలా చూస్తూ కూర్చున్నారు."

"అవునా మేడమ్."

"ఇద్దరికి సరిపడా ఉన్నట్టుంది. సగం డ్రైవరుకి పెడుతున్నారు. మీరేంటమ్మా, మెతుకు ముట్టలేదు?"

"ఆకలి లేదు మేడమ్."

"పొద్దున్నుంచీ తిరుగుతున్నాం, ఆకలి లేకపోవడమేంటి? అదుగో, ఆయనే ఇటొస్తున్నారు."

"ఒక్క నిమిషం మేడమ్‌గారూ. ఇక్కణ్ణుంచి బస్సు కొండెక్కుతుందట, అన్నీ మలుపులేనట. కొంతమందికి కడుపులో తిప్పుతుంది. ఈ నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి, వాసన చూస్తే తగ్గుతుంది."

"నాకా?"

"ఎవరికైనా లెండి. నా దగ్గర ఒకటి ఎక్కువుంది. వస్తానండీ."

"తీసుకోమ్మా. ముక్కూ మొహం తెలియని మనిషి అంత ఆలోచించి తెచ్చిస్తే వద్దనకూడదు. అదేంటి, కళ్ళలో నీళ్ళు?"

"కారం మేడమ్."

"మెతుకు ముట్టందే?"

కొండ మీద ఊరంతా కనబడే చోట ఒక పాత గోడ ఉంది. గైడు అందరినీ అటు తీసుకుపోతే, లెక్చరరమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఇటు లాగింది.

"ఇటు రండి. ఈ గోడ చాటుకి."

"ఎవరైనా చూస్తారు మేడమ్‌గారూ."

"మేడమేంటి! ఇక్కడెవరూ లేరు. ఆ మాట ఆపండి."

"ఆపితే అలవాటు తప్పుతుంది. మళ్ళీ వాళ్ళ ముందు నోరు జారితే తిప్పలు మీకే."

"విన్నారా మీరు? అక్కడ నేనన్నది..."

"తాడు దాటొద్దన్నారు గానీ చెవులు మూసుకోమనలేదు కదా."

"అయితే తిట్టండి. నాలుగు తిట్టండి. ఈ మర్యాద మాత్రం నావల్ల కాదు."

"తిట్టడానికేముంది? వేలు పెట్టింది నేను. పరువు పోయేది మీది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్కనాడైనా నిన్ను 'మీరు' అనలేదు. అనాల్సిందేమో. చదువుకున్నదానివి."

"అలా అనకండి. సిగ్గేస్తోందండీ. మిమ్మల్ని చూసి కాదు. అనేటప్పుడు మిమ్మల్ని చూసి సిగ్గుపడే అన్నాను, ఇప్పుడు నన్ను చూసుకుంటే సిగ్గేస్తోంది. ఇప్పుడే వెళ్ళి ఆవిడకి చెప్పేస్తాను."

"ఏమని? పొద్దున ఎవరో అన్నవాడు మధ్యాహ్నానికి మొగుడయ్యాడనా?"

"నవ్వించకండి. ఏడుపొస్తోంది."

"ఏడిస్తే ఎందుకని అడుగుతుంది. ఇంకెంతసేపు? సాయంత్రానికి బస్సు దిగిపోతాం. ఊరుకో... అదుగో, వస్తోంది. అవునండీ మేడమ్‌గారూ! ఆ కనిపించేది గడియార స్తంభమే!"

"ఆహా, ఇద్దరూ ఇక్కడున్నారా! గడియార స్తంభం కనబడేలా మాకొక ఫోటో తీస్తారా బాబూ?"

"ఎంతమాట! ఫోనిటివ్వండి. కాస్త దగ్గరగా నిలబడండి. ఆ మేడమ్‌గారు కొంచెం నవ్వాలి. ఇంకొంచెం. సరే, రాకపోతే వద్దులెండి."

"మీరూ రండి. గైడు తీస్తాడు మన ముగ్గురికీ."

"నేనెందుకండీ మధ్యలో? నేనెవర్ని?"

"మేడమ్... ఆయన..."

"చెప్పమ్మా."

"ఆయన..."

"ఊఁ, చెప్పు. వింటున్నా."

"ఆయన ఫోటో బాగా తీశారు మేడమ్."

తిరుగు ప్రయాణం. ఎండకి తిరిగి తిరిగి బస్సంతా జోగుతోంది. గైడు మాత్రం మైకు వదలడు.

"లేవండి లేవండి! పొద్దున బస్సెక్కేటప్పుడు తలుపు దగ్గర తీసిన ఫోటోలు వచ్చేశాయి. ఒక్కోటీ చూపిస్తా, ఎవరిది వాళ్ళు చెయ్యెత్తాలి. ఇదిగో, ఇది భలే ఉంది! పసుపు టోపీ పెట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా పళ్ళన్నీ బయటపెట్టిన సారు, ఆయన చెయ్యి పట్టుకున్న అమ్మగారు. ఎవరిదీ జంట?"

"ఇటు వెనక్కివ్వు బాబూ, నేను చూస్తా."

"ఓహో, సింహాసనం సారు! మీరేనా? మ్యూజియం దగ్గర్నుంచీ వెనక సీట్లో ఒంటరిగా కూర్చుంటే ఒంటికాయ శొంఠికొమ్మనుకున్నాం. మరి అమ్మగారేరి?"

"అమ్మగారూ లేదు, అయ్యగారూ లేదు. తలుపు దగ్గర తోపులాటలో ఎవరో పక్కనొచ్చి పడ్డారు. ఆవిడకీ నాకూ సంబంధం లేదు. చించెయ్."

"చెయ్యి పట్టుకున్నారు కద సార్!"

"మెట్టు ఎత్తుగా ఉంది, పడిపోతుందేమోనని పట్టుకున్నా. ఎవరైనా పట్టుకుంటారు. చించెయ్యమన్నానా?"

"చించకండి! ఇలా ఇవ్వండి. ఆ ఫోటో మాదే."

"మేడమ్‌గారూ, మీరు కూర్చోండి. బస్సు ఊగుతోంది, పడతారు..."

"పడనీ. గైడుగారూ, ఈయన మా ఆయన. కావాలంటే ఆ మైకు ఇటివ్వండి, అందరికీ చెబుతాను. ప్రిన్సిపాల్ మేడమ్, ఈయన మా ఆయన. సోఫాలు కుడతారు. డిజైనూ లేదు, ఆఫీసూ లేదు, ఆఫీసు పనీ పడలేదు. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని ఎవరో అన్నాను. తల తింటున్నాడన్నాను. పొద్దున్నుంచీ మీ పక్కన కూర్చుని సిగ్గుతో చస్తున్నాను మేడమ్."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు మేడమ్?"

"ఆయన మీ ఆయనేనని. పొద్దున మీరు నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళినప్పుడు ఆయనే నా దగ్గరికొచ్చి పలకరించారు. 'కాలేజీ ఫోటోలో మధ్య కుర్చీలో మిమ్మల్ని చూశానండీ, మా ఆవిడ మీ దగ్గరే పాఠాలు చెబుతుంది, నేను సోఫాలు కుడతాను' అన్నారు. మీ పేరు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది."

"పొద్దున్నే తెలుసా! మరి... మరి మ్యూజియంలో ఆయనెవరని నన్నెందుకు అడిగారు మేడమ్?"

"పరిచయం చేస్తారనమ్మా."

"కూర్చోవే. పడతావు."

"ఏవండీ, ఆవిడకి తెలుసని మీకు తెలుసు కదా! ఇంక ఎవరి కోసం ఈ మేడమ్‌గారూ, ఈ వెనక సీటూ? ఆ గోడ చాటునైనా నాతో ఒక్క మాట అనొచ్చు కదా!"

"అంటే నువ్వు అక్కడికక్కడే బస్సు వదిలేసి పోయేదానివి. ఈ ఊరు చూడాలని ఎన్నాళ్ళుగా సరదా పడుతున్నావు."